విజిటర్ వీసా మీద వచ్చిన నాన్నగారికి ఫిషింగ్ లైసెన్స్: టెక్సోమా, బ్రోకెన్ బో వెళ్ళేముందు

మీరు అడిగింది ఇదీ. నాలుగు నెలల క్రితం న్యూజెర్సీ నుంచి టెక్సస్‌లో డాలస్ పక్కనున్న ఫ్రిస్కోకి మారారు, హెచ్-1బి మీద ఉన్నారు. మే నెలాఖరుకి మీ నాన్నగారు భీమవరం నుంచి విజిటర్ వీసా మీద వస్తున్నారు, వయసు 68. చిన్నప్పటి నుంచీ కాలవల్లో గాలం వేసిన మనిషి కాబట్టి జూన్‌లో లేక్ టెక్సోమాకీ, పక్క రాష్ట్రం ఓక్లహోమాలోని బ్రోకెన్ బో చెరువుకీ తీసుకెళ్ళాలని మీ ఆలోచన. వెంట 17 ఏళ్ళ అమ్మాయి, 12 ఏళ్ళ బాబు. తెలిసినవాళ్ళలో ఒకరు ఇంటికొక లైసెన్స్ చాలన్నారు, ఒకరు 65 దాటినవాళ్ళకి అక్కర్లేదన్నారు, ఇంకొకరు విజిటర్ వీసా వాళ్ళకి అసలు ఇవ్వరన్నారు. వీటిలో ఏది నమ్మాలి?

ఏదీ నమ్మొద్దు. మూడూ తప్పే. డాలస్ చుట్టుపక్కల చెరువుల మీద చాలా ఏళ్ళుగా గాలం వేస్తున్నాను, ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళని కౌంటర్ దాకా తీసుకెళ్ళి లైసెన్సులు ఇప్పించాను. కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

ముందు వీసా సంగతి తేల్చేద్దాం. విజిటర్ వీసా అంటే బి-2, అది ఇచ్చేదే విహారానికి. ఒడ్డున కూర్చుని గాలం వేయడం విహారం కిందకే వస్తుంది, నాన్నగారు నిశ్చింతగా పట్టుకోవచ్చు. పట్టిన చేపని అమ్మడం మాత్రం కుదరదు. సరదాగా పట్టుకునే లైసెన్స్ మీద అమ్మకం ఎవరికీ కుదరదు, ఇక్కడి పౌరులకైనా సరే.

ఇక లైసెన్స్ కొనేముందు వేసుకోవాల్సిన ప్రశ్నలు రెండే. మీరు గాలం వేసే నీళ్ళు ఎవరి అధికారంలో ఉన్నాయి? వాళ్ళ లెక్కలో మీరు స్థానికులా, బయటివాళ్ళా? అమెరికా మొత్తానికి పనికొచ్చే ఫిషింగ్ లైసెన్స్ అంటూ లేదు. ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానికే. టెక్సస్ లైసెన్స్ జేబులో పెట్టుకుని, ఓక్లహోమా సరిహద్దులో ఉన్న రెడ్ రివర్ వంతెన దాటితే, అవతల అది ఉత్త కాగితం. లైసెన్స్ మనిషికి ఒకటి, కుటుంబానికి ఒకటి కాదు. రాడ్ చేతిలో పట్టుకున్న ప్రతి పెద్దవాళ్ళకీ విడిగా ఉండాలి.

మీరు అడగలేదు గానీ అసలు మెలిక మీ దగ్గరే ఉంది. టెక్సస్‌లో ఈ లైసెన్సులిచ్చే శాఖ టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ళ లెక్కలో స్థానికుడంటే, లైసెన్స్ అడిగే రోజుకి ముందు వరసగా 6 నెలలకి పైగా టెక్సస్‌లో నివాసం ఉన్నవాడు. పౌరసత్వంతో గానీ గ్రీన్‌కార్డ్‌తో గానీ దానికి సంబంధం లేదు. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళు 6 నెలలు దాటితే స్థానికులే. మీరు వచ్చి నాలుగు నెలలే అయింది. అంటే డ్రైవింగ్ లైసెన్స్ టెక్సస్‌దే తీసుకున్నా, ఇల్లు కొనేసినా, ఈ విషయంలో మీరూ మీ నాన్నగారిలాగే బయటివాళ్ళు. అద్దె ఒప్పందం చూపించి స్థానికుల ధరకి తీసుకోమని సలహా ఇచ్చేవాళ్ళు ఉంటారు. ఆ మాట వినకండి. నివాసం గురించి అబద్ధం చెప్పి లైసెన్స్ తీసుకోవడం దానికదే నేరం.

టెక్సస్‌లో మంచినీటి ప్యాకేజీ, అంటే చెరువుల్లో, నదుల్లో పట్టడానికి ఏడాది లైసెన్స్, స్థానికులకి 30 డాలర్లు, బయటివాళ్ళకి 58. సముద్రం కూడా కలిపితే 40, 68. ఒక్కరోజు లైసెన్స్ స్థానికులకి 11, బయటివాళ్ళకి 16. ఇక్కడ చాలామంది చూసుకోని సంగతి, పైన చెప్పిన ఏడాది ప్యాకేజీలు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతాయి. కొత్త ఏడాదివి ఆగస్టు 15 నుంచి అమ్ముతారు. అందుకని జూన్‌లో 58 డాలర్లు పెడితే మీకు దక్కేది మూడు నెలల లోపే.

65 దాటినవాళ్ళ మాట కూడా ఇలాంటిదే. ఆ తగ్గింపు ధర టెక్సస్ స్థానికులకి. బయటివాళ్ళలో ఓక్లహోమా, లూసియానా నివాసులైన 65 దాటిన పెద్దలకి టెక్సస్ మినహాయింపు ఇస్తుంది. ఎవరో ఓక్లహోమా పెద్దాయన లైసెన్స్ లేకుండా పట్టడం చూసి అందరికీ అంతే అనుకుని ఉంటారు. భీమవరం నుంచి వచ్చిన 68 ఏళ్ళ మనిషి పూర్తి ధర కట్టాలి. పిల్లల విషయంలో టెక్సస్ ఉదారంగానే ఉంది. 17 నిండనివాళ్ళకి, ఏ ఊరివాళ్ళైనా, లైసెన్స్ అక్కర్లేదు. మీ బాబుకి ఇబ్బంది లేదు. మీ అమ్మాయికి 17 నిండాయి కాబట్టి కావాలి.

ఇంత చదివాక ఖర్చు చూసి వెనకాడకండి. మీరు ఎంచుకున్న చెరువు టెక్సోమా కావడం మీ అదృష్టం.

రెడ్ రివర్ మీద డెనిసన్ డ్యామ్ 1944లో పూర్తయింది. దాని వెనక నిలిచిన నీళ్ళే లేక్ టెక్సోమా. రెండు రాష్ట్రాల సరిహద్దు ఆ నీళ్ళ మధ్యలోంచే పోతుంది, చెరువులో ఎక్కువ భాగం ఓక్లహోమా వైపే. పడవలో కాస్త దూరం పోతే మీరు ఏ రాష్ట్రంలో ఉన్నారో కంటికి తెలియదు. అందుకే ఈ చెరువుకంటూ ప్రత్యేకంగా టెక్సోమా లైసెన్స్ పెట్టారు. ధర 12 డాలర్లు. స్థానికులకీ బయటివాళ్ళకీ అదే ధర, చెరువులో రెండు వైపులా చెల్లుతుంది, డిసెంబర్ 31 దాకా ఉంటుంది. అంటే బయటివాళ్ళ ఒక్కరోజు టెక్సస్ లైసెన్స్ కంటే నాలుగు డాలర్లు తక్కువ, పైగా నాన్నగారు ఆరు నెలలూ ఉన్నా సరిపోతుంది. మీకూ, ఆయనకీ, అమ్మాయికీ కలిపి 36 డాలర్లతో పని అయిపోతుంది. గుర్తుంచుకోవాల్సింది, అది చెరువుకి మాత్రమే. డ్యామ్ కింద నదిలో పెద్ద చేపలున్నాయని ఎవరైనా ఆశపెడితే, అక్కడికి ఈ కాగితం పనికిరాదు.

గైడ్ పడవ మాట్లాడుకుంటే గైడ్ లైసెన్స్‌లోనే మనదీ కలిసిపోతుందని అనుకోకండి. టెక్సస్‌లో గైడ్ లైసెన్స్ గైడ్‌కే. పడవ ఎక్కే ప్రతి పెద్దవాళ్ళకీ తమది తమకి ఉండాలి. టెక్సస్ తీరంలోని గాల్వెస్టన్ వెళ్ళి సముద్రంలో పట్టినా ఇంతే.

ఒక్క పైసా లైసెన్స్‌కి పెట్టకుండా నాన్నగారికి సరదా తీర్చే దారి కూడా ఉంది. టెక్సస్ స్టేట్ పార్కుల లోపల ఒడ్డు మీద నుంచి గానీ పియర్ (నీళ్ళలోకి కట్టిన వేదిక) మీద నుంచి గానీ గాలం వేస్తే లైసెన్స్ అవసరం లేదు. పార్కు ప్రవేశ రుసుము కట్టాలి, అంతే. టెక్సోమా ఒడ్డునే ఐసెన్‌హోవర్ స్టేట్ పార్క్ ఉంది. మీకు దగ్గర్లో రే రాబర్ట్స్, డాలస్‌కి దక్షిణంగా జో పూల్ లేక్ మీద సీడర్ హిల్ ఉన్నాయి. చాలా పార్కుల్లో రాడ్లు, సామాను అరువిస్తారు కూడా. పడవ ఎక్కిన క్షణం ఈ సౌకర్యం పోతుంది. శని, ఆదివారాలు ముందే రిజర్వేషన్ చేసుకోండి, గేటు దగ్గర నిండిపోయిందని వెనక్కి పంపుతారు. ఇండియా నుంచి దిగిన పెద్దవాళ్ళని నేను మొదట తీసుకెళ్ళేది ఇలాంటి పార్కుకే. జెట్‌లాగ్ తీరని మనిషి తెల్లవారుజామున ఎలాగూ లేచే ఉంటారు, చేపకి అదే మంచి వేళ.

బ్రోకెన్ బో దగ్గరికి వచ్చేసరికి లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. అది పూర్తిగా ఓక్లహోమా. టెక్సోమా లైసెన్స్ అక్కడ చెల్లదు, టెక్సస్ పార్కుల ఉచితం అక్కడికి రాదు, పిల్లల వయసు గీత కూడా టెక్సస్‌లా 17 దగ్గర ఉంటుందని అనుకోవద్దు. ఓక్లహోమా వన్యప్రాణి సంరక్షణ శాఖ 2024 జూలై 1 నుంచి లైసెన్సుల పద్ధతి, ధరలు మొత్తం మార్చేసింది. కాబట్టి అంతకుముందు రాసిన బ్లాగులు, యూట్యూబ్ వీడియోలు చూసి డబ్బు లెక్క వేసుకోకండి. కొనేరోజు వాళ్ళ సైట్‌లో ఉన్న బయటి రాష్ట్రాలవాళ్ళ ధరే ధర. మీరు ఉండేది రెండు రోజులే కాబట్టి ఏడాదిది కాకుండా తక్కువ రోజులది చూడండి.

అసలు నా సలహా అడిగితే, బ్రోకెన్ బో ప్రయాణం జూన్ మొదటి శని, ఆదివారాల్లో పెట్టుకోండి. ఓక్లహోమాలో ఆ రెండు రోజులూ ఉచిత ఫిషింగ్ రోజులు, రాష్ట్ర లైసెన్స్ లేకుండా ఎవరైనా పట్టుకోవచ్చు. టెక్సస్‌లో ఆ శనివారం ఒక్కరోజే ఉచితం. అయితే ఉచితమయ్యేది లైసెన్స్ మాత్రమే. ఎన్ని పట్టొచ్చు, ఎంత పొడవుండాలి అన్న నియమాలన్నీ యథాతథంగా ఉంటాయి. ఆ వారాంతం కేబిన్లు దొరకడం కష్టం, ఇప్పుడే చూసుకోండి.

బ్రోకెన్ బో డ్యామ్ కింద లోయర్ మౌంటెన్ ఫోర్క్ నది నీళ్ళు చల్లగా ఉంటాయి కాబట్టి దాంట్లో ట్రౌట్ వదులుతారు, ఏడాది పొడవునా దొరుకుతుంది. మన గోదావరి వైపు మనిషికి ఆ చేప కొత్తగా ఉంటుంది, తప్పకుండా చూపించండి. నదిలో కొన్ని భాగాల్లో వానపాముల్లాంటి అసలు ఎర వేయకూడదు, కృత్రిమ ఎరలే వాడాలి, గాలపు కొక్కేనికి వెనక్కి తిరిగిన చిన్న ముల్లు ఉండకూడదు. అలాంటి చోట బోర్డులు పెట్టి ఉంటాయి, చదివి దిగండి. ఇంకొక మాట, కరెంటు ఉత్పత్తికి నీళ్ళు వదిలినప్పుడు నది చూస్తుండగానే పెరుగుతుంది. పెద్దాయన్ని నడి నీళ్ళలో రాయి మీద కూర్చోబెట్టి మీరు కార్ దగ్గరికి వెళ్ళకండి.

ఇప్పుడు నాన్నగారికి లైసెన్స్ ఎలా తీయాలో చెబుతాను. ఆన్‌లైన్‌లో మొదలుపెట్టగానే సోషల్ సెక్యూరిటీ నంబర్ అడుగుతుంది. చేపకీ ఆ నంబర్‌కీ సంబంధమేంటని అందరూ కంగారుపడతారు. పిల్లల పోషణ ఖర్చు ఎగ్గొట్టి తిరిగే తల్లిదండ్రుల్ని పట్టుకోవడానికి 1990ల్లో వచ్చిన ఫెడరల్ చట్టం వల్ల రాష్ట్రాలు సరదా లైసెన్సుల దరఖాస్తుల్లో కూడా ఆ నంబర్ తీసుకోవాలి. విజిటర్ వీసా వాళ్ళకి ఆ నంబర్ ఉండదు. అప్పుడు అక్కడ మీ నంబర్ వేయొద్దు, తొమ్మిది సున్నాలు కొట్టొద్దు. నాన్నగారిని, ఆయన పాస్‌పోర్ట్‌ని వెంటబెట్టుకుని లైసెన్సులు అమ్మే దుకాణానికి వెళ్ళండి. వాల్‌మార్ట్, అకాడమీ, బాస్ ప్రో లాంటి చోట స్పోర్ట్స్ కౌంటర్‌లో ఇస్తారు. నంబర్ లేదని చెప్పి పాస్‌పోర్ట్ చూపించండి.

కౌంటర్‌లో ఉన్నవాళ్ళు నాన్నగారి పేరు, పుట్టినతేదీ, చిరునామాతో పాటు ఎత్తు, బరువు, కంటి రంగు, జుట్టు రంగు అడుగుతారు. మన పెద్దవాళ్ళకి బరువు కిలోల్లోనే తెలుసు, ముందే పౌండ్లలోకి మార్చి ఒక చీటీ మీద రాసుకెళ్ళండి. పుట్టినతేదీ దగ్గర జాగ్రత్త, ఇక్కడ నెల ముందు, రోజు తర్వాత. చిరునామా దగ్గర మరీ జాగ్రత్త. శాశ్వత నివాసం భీమవరం అని చెప్పండి, ఉత్తరాలకి కావాలంటే మీ ఇంటి చిరునామా ఇవ్వండి. మీ ఫ్రిస్కో చిరునామా ఒక్కటే చెబితే, కౌంటర్‌లో ఉన్నవాళ్ళు పొరపాటున స్థానికుడని నొక్కేసే వీలుంది. కాగితం చేతికి రాగానే డబ్బు కట్టే ముందే పేరు స్పెల్లింగ్ పాస్‌పోర్ట్‌తో సరిపోయిందా, స్థానికుడు కాదని ఉందా, కొన్నది టెక్సోమా లైసెన్సేనా చూసుకోండి. ఫోన్‌లో చూపించినా టెక్సస్‌లో ఒప్పుకుంటారు గానీ, పెద్దవాళ్ళ ఫోన్‌లో సిగ్నల్ ఉంటుందో లేదో, కాగితం ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి జేబులో ఉంచండి. పాస్‌పోర్ట్ కూడా కార్‌లో కాకుండా దగ్గర ఉండాలి.

మీది, అమ్మాయిది ఆన్‌లైన్‌లోనే తీసుకోవచ్చు. గూగుల్‌లో వెతికితే పైన వచ్చే ప్రకటనల్లో లైసెన్స్ ఇప్పిస్తామని డబ్బు తీసుకుని, చివరికి ఎలా తీసుకోవాలో చెప్పే పుస్తకం పంపే సైట్లు ఉంటాయి. చివర డాట్ గవ్ ఉంటేనే అసలుదని గీత గీయడానికీ లేదు, ఓక్లహోమా తన లైసెన్సులు అమ్మేది గో ఔట్‌డోర్స్ ఓక్లహోమా అనే సైట్‌లో. అందుకని ముందు రాష్ట్ర శాఖ సొంత పేజీకి వెళ్ళి, అక్కడున్న లింక్ పట్టుకుని వెళ్ళడం మంచిది.

లైసెన్స్ ఉంటే సరిపోదు, నాన్నగారికి కొన్ని సంగతులు ముందే చెప్పి తీసుకెళ్ళండి. ఆయన విసురు వల అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. టెక్సస్‌లో 14 అడుగుల వ్యాసం మించని విసురు వల వేయొచ్చు గానీ, దాంతో పట్టుకోగలిగేది గేమ్ ఫిష్ (గాలం వేటకని రాష్ట్రం గుర్తించిన చేపలు) జాబితాలో లేని చేపల్నే. బాస్, స్ట్రైపర్, క్యాట్‌ఫిష్ లాంటివి వలలో పడితే వెంటనే వదిలేయాలి. టెక్సోమాలో స్ట్రైపర్ మనిషికి రోజుకి 10 దాకా ఉంచుకోవచ్చు, వాటిలో 20 అంగుళాలు, ఆపై పొడవున్నవి రెండే ఉండాలి. కొలిచే పద్ధతి ఇదీ: చేప నోరు మూసి, తోక రెండు కొనల్నీ దగ్గరికి నొక్కి, మూతి నుంచి తోక చివరి దాకా. తోక విప్పి ఉంచి కొలిస్తే అర అంగుళం తేడా వస్తుంది, తనిఖీకి వచ్చే గేమ్ వార్డెన్ మాత్రం నొక్కే కొలుస్తాడు. పొడవు నియమం ఉన్న చేపకి నీళ్ళ మీద ఉండగా తల, తోక తీయకూడదు. పులుసు ముక్కలు పడవలోనే కోసేద్దామంటే కుదరదు. ఒడ్డు వదిలేటప్పుడు పడవలోవి, ఎర బకెట్‌లోవి నీళ్ళన్నీ పారబోయాలి. 2009లో టెక్సస్‌లో జీబ్రా మసెల్స్ (చెరువుల్ని పాడుచేసే చిన్న చారల ఆల్చిప్పలు) మొదట కనిపించింది టెక్సోమాలోనే, కంటికి ఆనని వాటి పిల్లలు నీళ్ళతో పాటు మరో చెరువుకి పాకుతాయి. ఇంకా, డాలస్ నడిబొడ్డున పారే ట్రినిటీ నదిలో పట్టింది ఇంటికి తేవద్దు, ఆ చేపలు తినొద్దని రాష్ట్ర ఆరోగ్యశాఖ హెచ్చరిక ఉంది.

గేమ్ వార్డెన్ వస్తే భయపడాల్సింది ఏమీ లేదు. పలకరిస్తాడు, లైసెన్స్ చూస్తాడు, కూలర్ మూత తీయమంటాడు. లైసెన్స్ లేకపోతే టెక్సస్‌లో క్లాస్ సి మిస్‌డిమీనర్ అనే చిన్న నేరం, 25 నుంచి 500 డాలర్ల దాకా జరిమానా. మనలాంటివాళ్ళకి డబ్బు కంటే పెద్ద సంగతి వేరే ఉంది. గ్రీన్‌కార్డ్ దరఖాస్తులో ఎప్పుడైనా సైటేషన్ (ఇలాంటి జరిమానా టికెట్) అందుకున్నారా అని అడుగుతారు, అప్పుడు ఈ టికెట్ కాగితాలు వెతుక్కోవాలి. నాన్నగారు టికెట్ కట్టకుండా ఇండియా వెళ్ళిపోతే వారెంట్ దాకా పోవచ్చు. 12 డాలర్ల దగ్గర ఇంత తలనొప్పి ఎందుకు?

బయటివాళ్ళ దగ్గర ఎక్కువ తీసుకోవడం అన్యాయమని చాలామంది అంటారు. మోంటానాలో ఎల్క్ (పెద్ద జాతి దుప్పి) వేట లైసెన్స్ మీద ఇదే గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది, 1978లో కోర్టు రాష్ట్రం వైపే తీర్పిచ్చింది. ఆ జంతువుల్ని ఏళ్ళ తరబడి కాపాడే ఖర్చు స్థానికుల పన్నుల్లోంచి వస్తుంది కాబట్టి తేడా సబబే అని నా అభిప్రాయం కూడా. ఇంకా ఒకటుంది. 1950 నాటి డింగెల్-జాన్సన్ చట్టం ప్రకారం గాలాలు, రాడ్ల మీద వసూలు చేసే ఫెడరల్ పన్నుని రాష్ట్రాలకి పంచేటప్పుడు, 60 శాతం ఆ రాష్ట్రంలో లైసెన్స్ కొన్నవాళ్ళ సంఖ్యని బట్టి, 40 శాతం విస్తీర్ణాన్ని బట్టి ఇస్తారు. మీ నాన్నగారి లైసెన్స్ కూడా ఆ లెక్కలోకి వస్తుంది. బ్రోకెన్ బోలో ఆయన గాలానికి పడే ట్రౌట్‌ని ఎవరో పెంచి వదిలితేనే ఉంది.

ఆగస్టులో ఎల్లోస్టోన్ నేషనల్ పార్కుకి వెళ్తే సామాను సర్దేటప్పుడు రాడ్ పెట్టే ముందు ఒక్క క్షణం ఆగండి. ఎల్లోస్టోన్ లోపల ఏ రాష్ట్ర లైసెన్సూ చెల్లదు, పార్కువాళ్ళ సొంత పర్మిట్ తీసుకోవాలి, సీసపు బరువులు నిషేధం. పక్కనే ఉన్న గ్రాండ్ టీటన్ పార్కులో వయోమింగ్ రాష్ట్ర లైసెన్స్ కావాలి. కాలిఫోర్నియా వెళ్తే సముద్రపు పబ్లిక్ పియర్ మీద నుంచి పట్టడానికి లైసెన్స్ అక్కర్లేదు. ఫ్లోరిడాలో లైసెన్స్ ఉన్న చార్టర్ పడవ (చేపలు పట్టించడానికి అద్దెకి తీసుకెళ్ళేది) ఎక్కితే ప్రయాణికులకి వేరే అక్కర్లేదు, టెక్సస్‌కి సరిగ్గా తిరగేసి.

మీ లెక్కకి వస్తే, నాన్నగారు దిగిన వారంలో ఏదో ఒక పనిరోజు ఐసెన్‌హోవర్ పార్కు, జూన్ మొదటి వారాంతం బ్రోకెన్ బో, ఆ తర్వాత 12 డాలర్ల కాగితాలు తీసుకుని టెక్సోమా మీద గైడ్ పడవ. ఏడాది లైసెన్స్ ఇప్పుడు కొనకండి. ఆగస్టు 15 నాటికి మీకు టెక్సస్‌లో 6 నెలలు దాటేస్తాయి, అప్పుడు స్థానికుడి ధరకి వచ్చే ఏడాదిది తీసుకోవచ్చు. కరెంటు బిల్లులు, జీతం స్లిప్పులు ఇప్పటి నుంచే ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి, నివాసానికి రుజువు అడిగితే అవే చూపించాలి.